టెక్సస్‌లో వేట: భూమి దొరకడం నుంచి మాంసం ఇంటికి చేరేదాకా అపోహలు – వాస్తవాలు

వేట నేర్చుకుంటామని వచ్చే మనవాళ్లు ముందుగా అడిగేది ఏ రైఫిల్ కొనాలని. నేను ముందుగా అడిగేది ఎవరి భూమిలో వేటాడతారని. టెక్సస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. యజమాని గేటు తీస్తేనే వేట.

అపోహ: బోర్డు లేకపోతే లోపలికి వెళ్లొచ్చు.

వాస్తవం: చెట్లమీద, కంచె గుంజలమీద ఊదారంగు నిలువు గీతలు కనిపిస్తే అది బోర్డుతో సమానం. 8 అంగుళాల పొడవున, నేలకు 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటాయి. గీతలు లేకపోయినా అనుమతి లేకుండా వేటాడటం నేరమే. మీరు కొట్టిన జింక పక్కవాళ్ల కంచె దాటి పడిపోయినా, వాళ్లు సరేనంటే తప్ప వెళ్లి తెచ్చుకోకూడదు. అందుకే సీజన్‌కు ముందే పక్క రాంచ్‌వాళ్లను పరిచయం చేసుకుని ఫోన్ నంబరు తీసుకోండి.

అపోహ: డబ్బు కడితే మంచి లీజు (వేటకు అద్దెకిచ్చే భూమి) దానంతటదే దొరుకుతుంది.

వాస్తవం: మంచి లీజులు చాలావరకు ప్రకటనల దాకా రావు, తెలిసినవాళ్ల ద్వారానే చేతులు మారతాయి. అక్టోబరులో వెతకడం మొదలుపెడితే మిగిలినవే దొరుకుతాయి. సీజన్ ముగిశాక, జనవరి, ఫిబ్రవరిల్లో తిరగండి. చిన్న ఊళ్లలో దాణా అమ్మే కొట్లలో అడగండి. ఏ భూమి ఎవరిదో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం భూముల విలువ కట్టే ఆఫీసు) రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. అడవి పందులతో విసిగిపోయిన రైతు దగ్గరికి ముందు పందుల వేటకని వెళ్లడం నాకు తెలిసిన దగ్గరి దారి. కంచె బాగుచేసేటప్పుడు ఓ చెయ్యి వేయండి. తెరిచి ఉన్న గేటు తెరిచే వదలండి, మూసి ఉన్నది మూసేయండి. పశువులున్న రైతు మిమ్మల్ని కొలిచేది అక్కడే.

మాట కుదిరాక కాగితం మీద పెట్టండి: ఎంతమంది వేటాడొచ్చు, అతిథులను తేవచ్చా, ఏ జంతువులు, ఏ తేదీలు, ఫీడర్లు (జంతువులకు మేత పోసే డబ్బాలు) ఎవరు నింపాలి. డబ్బు తీసుకుని వేటకు భూమిచ్చే యజమానికి రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లీజ్ లైసెన్సు ఉండాలి. అదీ అడిగి చూడండి.

అపోహ: అడవి పందికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి హెచ్-1బీ మీద ఉన్నవాళ్లూ నేరుగా వెళ్లిపోవచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ భయం ఇక్కడే. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందిని వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి రాష్ట్ర లైసెన్సు అవసరం లేదన్నది నిజమే. కానీ తుపాకీ సంగతి ఫెడరల్ చట్టానిది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. మనలాంటివాళ్లకు పనికొచ్చే మినహాయింపు ఒక్కటే: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. కాబట్టి పందికి అక్కర్లేని లైసెన్సు మీకు కావాలి. టెక్సస్‌లో ఏడాది లైసెన్సు గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. మరునాడు బీరువాలో ఉన్న రైఫిల్ కూడా మిమ్మల్ని ఇరికించగలదు. మొదలుపెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరును ఒకసారి అడగండి.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ (వేటలో భద్రత, నియమాలు నేర్పే కోర్సు) కూడా పూర్తిచేయాలి.

అపోహ: అమెరికాలో లాగే మన ఊళ్లోనూ సొంత పొలంలో వేటాడుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి భూమి ఎవరిదన్నదానితో పని లేదు.

అపోహ: ఫీడర్‌లో మొక్కజొన్న పోస్తే జింక తప్పకుండా వస్తుంది.

వాస్తవం: రావచ్చు, కానీ గాలివాటం చూడకుండా మాటు వేస్తే మీ వాసన అందగానే వెనక్కి తిరుగుతుంది. ఒకే భూమిలో రెండు మూడు చోట్ల మాటుకు వీలు చూసుకుని, ఆ రోజు గాలిని బట్టి కూర్చోండి.

అపోహ: తూటా తగిలిన వెంటనే వెంటపడాలి.

వాస్తవం: ముందు తగిలిన చోటు గుర్తుపెట్టుకుని, కనీసం అరగంట కదలకుండా కూర్చోండి. తర్వాత నెత్తురు చూడండి. లేత గులాబీరంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ఆకుపచ్చగా పసరు కలిసి కంపు కొడుతుంటే కడుపుకు తగిలింది. అప్పుడు గంటల తరబడి ఆగాలి. తొందరపడి తరిమితే అది ఏ పొదల్లోకో పోయి నరకయాతన పడి చస్తుంది, మీకూ దొరకదు.

అపోహ: నవంబరు చలిలో మాంసం పాడవదు.

వాస్తవం: టెక్సస్ నవంబరులో మధ్యాహ్నం ఎండ మామూలే. కూలర్లో ఐసు నింపుకునే బయల్దేరండి, పేగులు వెంటనే తీసేయండి. అడవి పందిని కోసేటప్పుడు చేతులకు గ్లవుజులు తప్పనిసరి, బ్రూసెల్లోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) సోకే ప్రమాదం ఉంది. ఆ మాంసాన్ని లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడికించండి.