సుద్ద పూసిన క్యాండిడేట్

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ హాల్‌టికెట్ మీద ఫొటో కింద 'క్యాండిడేట్ సంతకం' అని ఉంటుంది కదా, ఆ మాటకు పుట్టిల్లు పరీక్ష హాలు కాదు, పాత రోమ్ నగరం.

అక్కడి మగవాళ్లు టోగా అనే ఉన్నిబట్టను ఒంటికి చుట్టుకునేవారు. మామూలుగా అది ఉన్ని రంగులోనే ఉండేది. పదవికి పోటీ చేసేవాడు మాత్రం దానికి సుద్దపొడి పట్టించి, ఎండలో తళతళలాడుతూ జనంలోకి దిగేవాడు. పక్కనే ఒక బానిస నడుస్తూ, ఎదురొచ్చే వాళ్ల పేర్లు చెవిలో ఊదేవాడు. ఈయనేమో బాగా తెలిసినవాడిలా పేరు పెట్టి పలకరించి చెయ్యి కలిపేవాడు! లాటిన్‌లో 'కాండిడుస్' అంటే మెరిసే తెలుపు, 'కాండిడాటుస్' అంటే తెల్లబట్టలాయన. క్రీ.పూ. 432లో ఈ సుద్ద పూతను మాన్పించాలని చట్టం కూడా తెచ్చారని లివీ అనే చరిత్రకారుడు రాశాడు. అయినా ఆ అలవాటు పోలేదు. మన నాయకుల తెల్లచొక్కాలకూ దీనికీ సంబంధం లేదు, నవ్వకండి.

ఓట్ల కోసం అలా చుట్టూ తిరగడాన్ని 'అంబిటియో' అనేవారు. మీ టీచర్లు అడిగే 'యాంబిషన్' అదే.

కాండిడుస్ వెనక 'కాండేరే', అంటే మెరవడం, ఉంది. క్యాండిల్ అక్కడి నుంచే వచ్చింది. సంస్కృతంలో 'చంద్ర' అన్నా మొదటి అర్థం మెరిసేదనే. ఇవి రెండూ దాయాదులు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి ఒక ప్రసంగంలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. చంద్రుణ్ణి సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. నెలవంకలోని 'నెల' మాత్రం మన సొంతం.

ఇది చదివి మీరు క్యాండీని కూడా ఈ ఇంట్లోకే తోసేస్తారని నాకు తెలుసు. అది వేరే దారిన వచ్చింది. సంస్కృతంలో 'ఖండ' అంటే ముక్క, పంచదార గడ్డ. అది పారశీకంలో 'కంద్' అయి, అరబ్బుల మీదుగా ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. చూడ్డానికి క్యాండిల్‌కు అచ్చం తోబుట్టువులా ఉంటుంది, చుట్టరికం మాత్రం లేదు.

మీ
తాతయ్య