మృగశిర ఎవరు, తాతా?

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో మీ అమ్మతో మాట్లాడుతూ, మృగశిర వచ్చింది, మా తాత గుర్తుకు వస్తున్నాడు అని నేను అంటే, చిన్నది పక్కనుంచి అందుకుని "మృగశిర ఎవరు తాతా, మీ ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగింది. మీ అమ్మ నవ్వింది కానీ నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. పద్నాలుగు రోజులుంటుందమ్మా. అయితే మృగశిర చుట్టం కాదు, చుట్టం దిగిన ఇల్లు.

ఆకాశంలో ఒక పొడవాటి వీధి ఉందనుకోండి. ఆ వీధిలో 27 ఇళ్ళు. మొదటిది అశ్విని, చివరిది రేవతి. సూర్యుడు ఒక్కో ఇంట్లో పదమూడో పద్నాలుగో రోజులు ఉండి పక్క ఇంటికి వెళ్ళే చుట్టం. వీధి మొత్తం తిరిగేసరికి ఏడాది గడుస్తుంది. ఆయన ఏ ఇంట్లో ఉంటే మనకు ఆ కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి ఇంటికి వెళతాడు. ఆ ఇంట్లో పొయ్యి ఆర్పరేమో, రోళ్ళు పగిలే ఎండలు కాస్తాయి. జూన్ 8న, ఒక రోజు అటూ ఇటూగా, మృగశిర గడప తొక్కుతాడు. అక్కడ కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిస్తారు, ఆ నీళ్ళు కాసిన్ని మన మీద చిలుకుతాయి. జూన్ 22కు ఆరుద్ర ఇంటికి చేరితే ఏకంగా తలంటి పోస్తారు. ఈ చుట్టం రావలసిన రోజు తప్పడు కనుక కార్తెల తేదీలు ఏటా దాదాపు ఒక్కటే. దుక్కి మొదలుపెట్టే ఏరువాక పున్నమి మాత్రం చంద్రుణ్ణి బట్టి వస్తుంది, అందుకే అది ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

ఈ వీధిని నాకు చూపించినవాడు మా తాత, అంటే మీ తాతకు తాత. కదిరి దగ్గర పల్లెలో ఎర్రనేల మీద జొన్న, సజ్జ, వేరుశనగ పండించాడు. ఆయనకు చదువు రాదు, వేలిముద్ర వేసేవాడు. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకున్నప్పుడు నన్ను పక్కన పడుకోబెట్టుకుని, పడమట పిల్లలకోడిని చూపేవాడు. చిన్న చుక్కలు గుంపుగా ఉంటాయే, పుస్తకాల్లో కృత్తిక అంటారు, అదే. మే వచ్చేసరికి ఆ కోడి కనిపించదు. చుట్టం ఆ ఇంట్లోకి వచ్చాడు, ఆయన వెలుగులో ఇల్లు కనిపించదు అనేవాడు తాత. మళ్ళీ జూన్‌లో ఒక తెల్లవారుజామున నన్ను కుదిపి లేపి, తూర్పున కొండ మీద చూపేవాడు. కోడి బయటికి వచ్చిందంటే చుట్టం రెండిళ్ళు దాటి మృగశిరలో దిగినట్టే. నేను కళ్ళు నులుముకునేలోపే ఆయన విత్తనాలు వేసే గొర్రుకు కొత్త తాళ్ళు కడుతూ ఉండేవాడు.

కానీ వాన పడగానే విత్తేవాడు కాదు. పొలంలో జానెడు లోతు గుంట తీసి, అడుగు మట్టి పిడికెడు తీసుకుని ఉండగా నొక్కి, నడుమెత్తు నుంచి వదిలేవాడు. ఉండ కట్టకుండానే పొడిగా రాలిపోతే పదును చాలదు. ముద్దలా అట్లాగే ఉండిపోతే తడి ఎక్కువ. నేలను తాకి మూడు నాలుగు పెళ్ళలుగా విడిపోతే మాత్రం, ఎద్దులను కట్టమని నాన్నను కేకవేసేవాడు. గొర్రు మీద గింజలు పోసే గిన్నె, అదే జడ్డిగంలో, అవ్వ గింజలు వదులుతుంటే నేను వెనకే నడిచేవాణ్ణి. ఊళ్ళో వాళ్ళు తొందరపెట్టినా ఆయన తొణికేవాడు కాదు. పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు రాసే మీ అన్నయ్య ఈ మాట రెండుసార్లు చదవాలి.

ఒక ఏడు చుట్టం అన్ని ఇళ్ళకూ వేళకే వచ్చాడు, వాన రాలేదు. మా వైపు వాన అట్లాంటిది. నైరుతి గాలి సముద్రం నుంచి మోసుకొచ్చిన నీటిని చాలావరకు పడమటి కనుమల మీదే దించేసి, తేలికై మన దాకా వస్తుంది. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే, అదీ పడిన ఏడాది. సెప్టెంబరులో ఉత్తర కార్తె వచ్చింది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నట్టు మా వీధిలో సగం మంది గంపలు ఎత్తుకుని బెంగళూరు పనులకు పోయారు. తాత పోలేదు. ఎద్దుల్లో ఒకదాన్ని అమ్మాడు. ఆ రాత్రి రెండో ఎద్దు గాడిలో మేత ముట్టలేదు. తాత తన మంచం దాని పక్కకు జరుపుకుని, దాని మెడ మీద చెయ్యి వేసి పడుకున్నాడు. తెల్లారి నేను చూసేసరికి ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఇంకొక్కటి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆరుద్రలో వాన కురిసిన మర్నాడు, పొలం గట్టున ఎర్రని పట్టుగుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు కనిపించాయి. నాలుగింటిని అగ్గిపెట్టెలో వేసి ఇంటికి తెచ్చాను. తాత పెట్టె తెరిచి చూసి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని, చీకటి పడుతున్నా మళ్ళీ పొలం దాకా నడిపించి, ఎక్కడ పట్టానో అక్కడే వదిలించాడు. "ఏడాదంతా మట్టిలో ఉండి, ఈ నాలుగు రోజులకే పైకి వస్తాయిరా," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను భుజాన ఎక్కించుకున్నాడు.

మా తాతకు ఒక్క ఫోటో కూడా లేదు. మీకు చూపించడానికి నా దగ్గర ఈ పురుగే ఉంది. ఆరుద్రలో మంచి వాన పడితే, మర్నాడు పొద్దున్నే మీ ఇంటి వెనక ఖాళీ స్థలంలో, గడ్డి పలుచగా ఉన్న మట్టి మీద వంగి చూడండి. కనిపిస్తే పట్టుకోకండి. కాళ్ళు మాత్రం లెక్కపెట్టండి. చీమకు ఉన్నన్ని ఉన్నాయో, సాలెపురుగుకు ఉన్నన్ని ఉన్నాయో నాకు రాయండి, నేను ముందే చెప్పను.

ఆశీస్సులతో,
మీ తాత