ఫ్లాటెన్ అనకుండా ఫ్లాట్ అని ఎందుకన్నారు?

చిరంజీవులకు,

మీరిద్దరూ రాస్తున్న లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఫంక్షన్ల కట్ట, చూశాను. కోడ్ బాగుంది. పేర్ల దగ్గరే ఆగిపోయాను. ఖాళీలను తీసేసే మీ ‘క్లీన్’ ఫంక్షన్ కొత్త అర్రే (విలువల వరుస) ఇస్తుందా, నేనిచ్చినదాన్నే మార్చేస్తుందా? పేరు చూస్తే తెలియలేదు, లోపల కోడ్ చదవాల్సి వచ్చింది.

వెబ్ పేజీల్లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో ఈ తికమక పాతదే. స్లైస్ అసలు అర్రే జోలికి పోకుండా ముక్క తీసి ఇస్తుంది. స్ప్లైస్ అసలుదాన్నే కోసేస్తుంది. సార్ట్ కూడా అసలు వరుసనే మార్చేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలాగే ఒక సరుకుల పట్టిక వరుస పోగొట్టి, తెల్లవార్లూ టెన్షన్ పడ్డాను. 2023 ప్రమాణంలో టుసార్టెడ్, టురివర్స్‌డ్ వచ్చాయి. ముందు ‘టు’ ఉంటే కొత్త కాపీ అని అర్థం. మీరూ అలాంటి గుర్తు ఒకటి పెట్టుకుని, అన్నిచోట్లా అదే పాటించండి.

ఇక మీలో చిన్నది అడిగిన ప్రశ్న, ఫ్లాటెన్ అనకుండా ఫ్లాట్ అని ఎందుకన్నారని. లోపలి అర్రేలను విప్పి బయటి వరుసలో కలిపే మెథడ్‌కి (అర్రేకు చుక్క పెట్టి పిలిచే ఫంక్షన్‌కి) మొదట అనుకున్న పేరు ఫ్లాటెనే. 2018లో ఫైర్‌ఫాక్స్ ప్రయోగ వెర్షన్‌లో పెట్టి చూస్తే ఒక పాత సైటు సరిగా పనిచేయలేదు. ఆ సైటు మూటూల్స్ అనే లైబ్రరీ వాడుతోంది. మూటూల్స్ ఎప్పుడో అర్రే ప్రోటోటైప్‌కే, అంటే అర్రేలన్నిటికీ మెథడ్లు అందే ఉమ్మడి చోటుకే, తన సొంత ఫ్లాటెన్ తగిలించింది. ఆ తర్వాత ఒక్కో పేరూ వరుసగా చూసే ఫర్-ఇన్ లూప్‌తో అక్కడి మెథడ్లను ఏరి తన ఎలిమెంట్స్‌కు (పేజీలోని భాగాల జాబితాకు) కాపీ చేసుకుంటుంది. బ్రౌజర్ సొంత మెథడ్లు ఆ లూప్‌కు కనబడవు. అదే పేరు మీద మూటూల్స్ తన ఫంక్షన్ రాసినా, ఆ కనబడని గుణం పోదు. దాంతో ఫ్లాటెన్ కాపీ కాలేదు. ‘స్మూష్’ అని పెడదామని ఒకరు సరదాగా అన్నారు కూడా. చివరికి జావాస్క్రిప్ట్ ప్రమాణం రాసే టీసీ39 కమిటీ ఫ్లాట్ అని ఖాయం చేసింది. అంతకుముందు, అర్రేలో ఒక విలువ ఉందో లేదో చెప్పే ఇన్‌క్లూడ్స్‌కు అనుకున్న ‘కంటెయిన్స్’ పేరు కూడా మూటూల్స్ వల్లే మారింది.

కమిటీ తగ్గడమే సరైన పని అని నా నమ్మకం. ఆ పాత సైట్లలో చాలావాటిని సరిచేసేవాళ్లు ఇప్పుడు ఎవరూ ఉండరు. చూసేవాళ్లు మాత్రం ఉంటారు.

అందుకే మీ మెథడ్లను అర్రే ప్రోటోటైప్‌కు తగిలించకండి. అర్రేను తీసుకునే మామూలు ఫంక్షన్లుగా రాయండి. ఇంకొకటి, మీ ‘క్లీన్’ సున్నాను కూడా ఖాళీ అనుకుని తీసేస్తోంది. మార్కుల జాబితాలో సున్నా మాయమైతే క్లాసు సగటు పెరిగిపోతుంది. విలువ లేదని చెప్పే నల్, అన్‌డిఫైన్డ్ మాత్రమే తీసేసేలా మార్చి, ఆ పని తెలిసే పేరు పెట్టి, ఆదివారంలోగా నాకు పంపండి.

మీ పెదనాన్న