ఐఆర్ ముందొచ్చింది, పీఆర్సీ తగ్గింది: 2022 జనవరి జీతం లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండో పీఆర్సీ (వేతన సవరణ సంఘం), ఐఆర్ (మధ్యంతర భృతి), డీఏ (కరువు భత్యం) బకాయిలు మళ్ళీ ధర్నా ఫ్లెక్సీల మీదికొచ్చాయి. ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఏ బేసిక్‌కి ఎంత శాతం ఇస్తే ఎంత చేతికొస్తుందో చూపించే ఎక్సెల్ షీట్లు తిరుగుతున్నాయి. పీఆర్సీ అంటే ఏమిటి, ఐదేళ్ళకోసారి ఎందుకు వేస్తారు, ఉమ్మడి రాష్ట్రంలో ఎన్ని వేశారు అనేవి ఈ కథనం చదివేవాళ్ళకి కొత్త కాదు. అందుకే ఆ పాత కథ వదిలేసి నేరుగా 2022 జనవరికి వెళ్దాం. ఇప్పుడు ఉద్యోగులు, ప్రభుత్వం రెండు వైపులా కనిపిస్తున్న అనుమానానికి బీజం అక్కడే పడింది.

అంతకుముందు జరిగిన ఒక విషయం మాత్రం చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, 2014 జనవరి నుంచి ఉద్యోగులకు 27 శాతం ఐఆర్ ఇచ్చారు. పదో పీఆర్సీ కమిషన్ 29 శాతం ఫిట్‌మెంట్, అంటే పాత బేసిక్ మీద కలిపే పెంపు, సరిపోతుందంది. రాష్ట్రం విడిపోయాక 2015 ఫిబ్రవరిలో తెలంగాణ 43 శాతం ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ కూడా అంతే ఇచ్చింది. లోటు బడ్జెట్‌తో మొదలైన రాష్ట్రం, పక్క రాష్ట్రం కన్నా తక్కువ ఇచ్చిందన్న మాట పడలేక ఇచ్చిన శాతం అది. దాంతో ఉద్యోగుల మనసులో ఒక లెక్క స్థిరపడిపోయింది: కమిషన్ చెప్పే అంకె కింది మెట్టు, దాని మీద ముఖ్యమంత్రి ఎంతో కొంత కలుపుతారు, ఐఆర్ కన్నా ఫిట్‌మెంట్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఇది ఏ జీవోలోనూ రాసిలేదు. అయినా అందరూ దీన్నే నమ్మారు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. 2019 ఫిబ్రవరిలో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం 20 శాతం ఐఆర్‌ను జూన్ నుంచి ఇస్తామంది. ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ తాము వస్తే 27 ఇస్తామంది. గెలిచింది కూడా. జూన్ 10న జరిగిన తొలి మంత్రివర్గ సమావేశంలోనే 27 శాతానికి ఆమోదం తెలిపి, జులై 1 నుంచి అమలు చేసింది. మాట నిలబెట్టుకున్నందుకు సచివాలయంలో సన్మానాలూ జరిగాయి. కానీ 27 అన్న అంకె ఏ అధ్యయనం నుంచీ రాలేదు. పదకొండో పీఆర్సీ అయిన అశుతోష్ మిశ్రా కమిషన్ అప్పటికి ఇంకా పనిలోనే ఉంది, దాని నివేదిక 2020 అక్టోబరుకు గానీ చేతికి రాలేదు. ఎన్నికల వేలంపాటలో పుట్టిన అంకెను పే స్లిప్‌లో పెట్టేసి, అసలు పీఆర్సీ ఎంత ఉండాలన్నది తర్వాత చూద్దామనుకున్నారు.

ఐఆర్ అంటే పేరుకు అడ్వాన్సు. పీఆర్సీ తేలాక అందులో సర్దుబాటు చేయాలి. అయితే రెండున్నరేళ్ళపాటు నెలనెలా వచ్చే డబ్బును ఎవరూ అడ్వాన్సుగా చూడరు. ఇంటి లోను ఈఎంఐ, పిల్లల కాలేజీ ఫీజు అన్నీ దాని మీదే కుదురుకుంటాయి. ఆర్థిక శాఖలో కూర్చున్నవాళ్ళకి ఇది తెలియదనుకోలేం. వాళ్ళూ ఐఆర్ తీసుకున్నవాళ్ళే.

2021 డిసెంబరులో ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని కార్యదర్శుల కమిటీ 14.29 శాతం ఫిట్‌మెంట్ చాలని సిఫారసు చేసింది. కేంద్రం ఏడో వేతన సంఘంలో ఇచ్చింది అంతే కదా అన్నది దాని వాదన. మిశ్రా కమిషన్ 27 అంది. చివరికి 2022 జనవరి 7న ముఖ్యమంత్రి 23.29 శాతం ప్రకటించారు, జీవోల్లో అది 23 అయింది. దానితోపాటు పదవీ విరమణ వయసు 60 నుంచి 62కు పెంపు, ఐదు పెండింగ్ డీఏలు ఒకేసారి, జగనన్న స్మార్ట్ టౌన్‌షిప్‌లలో ఉద్యోగులకు రిబేటుతో స్థలాలు. ఖజానాపై ఏటా 10,247 కోట్ల రూపాయల భారమని చెప్పారు. ఆ రోజు సంఘాల నాయకులు కృతజ్ఞతలు చెప్పే బయటికొచ్చారు. కింది స్థాయి ఉద్యోగి దాన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాడు.

సంక్రాంతి ముగిసీ ముగియగానే, జనవరి 17న జీవోలొచ్చాయి. 23 శాతం సంగతి ముందే తెలుసు కాబట్టి అసలు దెబ్బ అది కాదు. ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) స్లాబులు మార్చేశారు. ఐదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళన్నిటికీ 8 శాతం, ఐదు నుంచి యాభై లక్షల వరకు 16 శాతం. నగరాల్లో పనిచేసేవారికిచ్చే భత్యం సీసీఏ ఎత్తేశారు. తీసుకున్న ఐఆర్‌లో ఎక్కువైంది వెనక్కి రాబడతామన్నారు. ఇకపై రాష్ట్ర పీఆర్సీ ఉండదు, కేంద్ర వేతన సంఘాన్నే అనుసరిస్తామన్నారు. అంటే ఐదేళ్ళకు బదులు పదేళ్ళకోసారి. రివర్స్ పీఆర్సీ అన్న పేరు అప్పుడు పుట్టిందే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2018 జులై 1 నాటికి 30,000 బేసిక్ ఉన్న ఉద్యోగి అనుకోండి. ఐఆర్ 27 శాతం అంటే 8,100. ఫిట్‌మెంట్ 23 శాతం అంటే 6,900. ఆ ఒక్క పద్దులోనే నెలకు 1,200 తగ్గింది. ఇక పాత బేసిక్‌కు అప్పటి డీఏ 30.392 శాతం, ఫిట్‌మెంట్ కలిపితే కొత్త బేసిక్ సుమారు 46,000 అవుతుంది. రెండు లక్షలకూ ఐదు లక్షలకూ మధ్య జనాభా ఉన్న పట్టణంలో పనిచేసేవారికి పాత లెక్కన హెచ్‌ఆర్‌ఏ 20 శాతం, అంటే 6,000. కొత్త 8 శాతంతో సుమారు 3,680. బేసిక్ ఒకటిన్నర రెట్లయినా అద్దె భత్యం మూడో వంతుకు పైగా కోసుకుపోయింది. అద్దె మాత్రం తగ్గలేదు. ఐదు లక్షలు దాటిన నగరంలో ఉన్నవారికి 16 శాతం మీద దాదాపు 7,360 వచ్చేది కాబట్టి వాళ్ళు నష్టపోలేదు. అందుకే కాకినాడ, కడప లాంటి పట్టణాల ఉద్యోగులకూ విజయవాడ ఉద్యోగులకూ కోపంలో తేడా ఉంది. బయటినుంచి చూసినవారికి ఉద్యోగులంతా ఒకటే అనిపించింది గానీ, పే స్లిప్పులు ఒకటి కాదు.

ప్రభుత్వం వాదన దాదాపు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: గ్రాస్, అంటే మొత్తం జీతం, ఎవరికీ తగ్గలేదు. అది అబద్ధం కాదు. ఆగిపోయిన ఐదు డీఏలను అదే నెలలో కలపడం వల్ల మొత్తం అంకె పెరిగినట్టే కనిపించింది. కానీ డీఏ ధరలు పెరిగినందుకు ఇచ్చేది, అప్పటికే బాకీ ఉన్నది. బాకీ తీర్చి దాన్ని జీతం పెంపు కింద చూపించారన్నది సంఘాల మాట, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. రెండో వాదన ఖజానాది. జీతాలు, పెన్షన్ల ఖర్చు 2018-19లో 52,513 కోట్లు ఉంటే 2020-21కి 67,340 కోట్లయిందని, రాష్ట్ర సొంత ఆదాయంలో అది 111 శాతమని అధికారులు చెప్పారు. 2020-21 కరోనా ఏడాది, ఆదాయం పడిపోయిన ఏడాది. పైగా ఆ మధ్యలోనే గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షమందికి పైగా కొత్తగా చేరారు, 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తలలు పెరిగితే బిల్లు పెరుగుతుంది. దానర్థం ఒక్కో తలకు వచ్చేది పెరిగిందని కాదు. సచివాలయ ఉద్యోగులు ప్రొబేషన్‌లో ఉన్నంతకాలం తీసుకుంది నెలకు 15,000 మాత్రమే. వాళ్ళను కలిపి సగటు తీస్తే ఉద్యోగి సగటు జీతం కిందికే వస్తుంది. మొత్తం బిల్లు చూపించి సగటు ఉద్యోగి బాగా బతుకుతున్నాడని చెప్పడం అప్పటినుంచీ ఒక అలవాటైంది. ఇప్పటి చర్చల్లోనూ అదే వినిపిస్తోంది.

జీవోలొచ్చాక ఇరవై రోజుల్లోపు జరిగినవి చాలామంది ప్రత్యక్షంగా చూశారు. పీఆర్సీ సాధన సమితి ఏర్పడింది, ఎప్పుడూ ఒక వేదిక మీద కూర్చోని సంఘాలు కలిశాయి. కొత్త స్కేళ్ళ ప్రకారం బిల్లులు చేయబోమని ట్రెజరీ సిబ్బంది, ఆఫీసుల్లో జీతం బిల్లులు పెట్టే డీడీఓలు మొండికేశారు. అయినా ఫిబ్రవరి 1న కొత్త జీతాలే ఖాతాల్లో పడ్డాయి. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు అనుమతి లేదన్నారు, బస్సుల్లోంచి దించేశారు, అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. 7 నుంచి సమ్మె అన్నారు. 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలో ఏముందన్నదే నేటి గొడవకు కీలకం. హెచ్‌ఆర్‌ఏ కొంత పెరిగింది: యాభై వేల లోపు జనాభాకు 10 శాతం, రెండు లక్షల వరకు 12, ఆపైన 16, సచివాలయానికి 24. సీసీఏ తిరిగొచ్చింది. పీఆర్సీ మళ్ళీ ఐదేళ్ళకోసారే అన్నారు. ఐఆర్ రికవరీ ఉండదన్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది. ఉపాధ్యాయ సంఘాలు అందుకే ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు, నాయకులు అమ్ముడుపోయారన్న మాట దాకా వెళ్ళింది. ఆ చీలిక ఇవాళ్టికీ పూర్తిగా అతుక్కోలేదు.

ఈ ఘట్టంలో అందరూ ఫిట్‌మెంట్ నాలుగు శాతం తగ్గిందనే చూశారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి రికవరీ ఉండదన్న ఒక్క మాట. దాంతో ఐఆర్ అడ్వాన్సు కాకుండా పోయింది. ఒకసారి ఇస్తే తిరిగి తీసుకోలేమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అప్పటినుంచి ఏ ఆర్థిక మంత్రీ ఐఆర్ శాతాన్ని తేలిగ్గా పలకడు. ఇచ్చిన ఐఆర్ కన్నా ఫిట్‌మెంట్ తక్కువైతే ఏం జరుగుతుందో చూశారు.

తెలంగాణను పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ ఆ విడతలో అసలు ఐఆరే ఇవ్వలేదు. 2021 జనవరిలో అక్కడి పీఆర్సీ, బిస్వాల్ కమిషన్, నివేదిక బయటికొచ్చింది. ఫిట్‌మెంట్ 7.5 శాతం అని చూసి ఉద్యోగులు ప్రతులు తగలబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ముఖ్యమంత్రి అసెంబ్లీలో 30 శాతం ప్రకటించేసరికి చిత్రపటాలకు పాలాభిషేకాలు జరిగాయి. 2018 జులై నుంచి 2020 మార్చి వరకు పైసా లేదు, ఆ తర్వాతి ఏడాది బకాయి రిటైరయ్యేటప్పుడు ఇస్తామన్నారు, హెచ్‌ఆర్‌ఏ అక్కడా తగ్గింది. అయినా పెద్దగా ఎవరూ రోడ్డెక్కలేదు. ముందు 7.5 చూసిన కళ్ళకు 30 పండగ. ముందు 27 తిన్నవాడికి 23 కోత. రెండు రాష్ట్రాల ఫిట్‌మెంట్ మధ్య తేడా ఏడు శాతమే, కోపంలో తేడా మాత్రం దానికి ఎన్నో రెట్లు. తెలంగాణ కూడా ఆ పాఠం మరిచిపోలేదు: 2023 అక్టోబరులో రెండో పీఆర్సీ వేసినప్పుడు ఇచ్చిన ఐఆర్ ఐదంటే ఐదు శాతం.

ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండో పీఆర్సీ 2023 జులై 1 నుంచి అమల్లోకి రావాలి. అదే నెలలో కమిషన్ వేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ కమిషన్ చైర్మన్ రాజీనామా చేశారు. ఎన్నికల వేళ మెరుగైన పీఆర్సీ, ఐఆర్ హామీలు వినిపించాయి. ఈలోగా డీఏలు వెనకబడ్డాయి. 2024 జనవరి నుంచి రావాల్సిన 3.64 శాతాన్ని 2025 దీపావళికి గానీ ప్రకటించలేదు. మరోవైపు కేంద్రం ఎనిమిదో వేతన సంఘాన్ని వేసింది, అక్కడి కదలికను చూసి ఇక్కడ టెన్షన్ పెరుగుతోంది.

ఈ మొత్తంలో అసలు చర్చకే రానివాళ్ళు అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. అదే 2022 జనవరిలో వాళ్ళ మూడు కేటగిరీల నెల వేతనాలు 12,000 నుంచి 15,000కు, 15,000 నుంచి 18,500కు, 17,500 నుంచి 21,500కు మారాయి. చలో విజయవాడ రోజు ఆ అంకెల గురించి అడిగినవాళ్ళు తక్కువే. ఒకే ఆఫీసులో, ఒకే కంప్యూటర్ ముందు కూర్చునే ఇద్దరిలో ఒకరికి ఫిట్‌మెంట్ శాతం మీద గొడవ, ఇంకొకరికి శాతమనే మాటే లేదు.

సంఘాలు కమిషన్ కన్నా ముందు ఐఆర్‌నే ఎందుకు అడుగుతున్నాయో తెలియాలంటే గత మూడు పీఆర్సీల తేదీలు చూడాలి. తొమ్మిదో పీఆర్సీ 2008 జులై నుంచి లెక్క, డబ్బు 2010 ఫిబ్రవరి నుంచి: 19 నెలలు నోషనల్. పదోది 2013 జులై నుంచి, డబ్బు 2014 జూన్ 2 నుంచి: 11 నెలలు. పదకొండోది 2018 జులై నుంచి, డబ్బు 2020 ఏప్రిల్ నుంచి: 21 నెలలు. నోషనల్ అంటే కాగితం మీద పెరిగి, ఖాతాలో పడని జీతం. పన్నెండో పీఆర్సీకి ఆ గడువు 2023 జులై 1నే మొదలైంది. ఆలస్యమయ్యే ప్రతి నెలా నోషనల్ ఖాతాలోకి జారిపోయే ప్రమాదం ఉంది. ఐఆర్‌ను అలా చేయడానికి వీల్లేదు, ఇచ్చిన నెల నుంచే నగదు చేతికొస్తుంది. ప్రభుత్వం ఐఆర్ శాతం చెప్పకపోవడానికీ, సంఘాలు దాన్ని పట్టుకుని వదలకపోవడానికీ కారణం అదొక్కటే.