మ నొక్కితే కాపీ ఎలా అయింది?

చిరంజీవులైన పిల్లలకు విజయనగరం నుంచి తాత ఆశీస్సులు.

"తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెడితే, సి మీట నొక్కితే మ పడుతోంది. మరి కంట్రోల్‌తో కలిపి నొక్కితే కాపీ ఎలా అయింది తాతా?" అని చిన్నోడు అడిగాడు. ఇంతలో మామ్మ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మ నన్ను గంటస్తంభం దగ్గరికి బెల్లానికి పంపేది. "ఆ వరసలో మూడో కొట్టు" అని చెప్పేది. పైడితల్లి సిరిమాను పండగొస్తే మూడో కొట్లో బుడగలు, రబ్బరు బంతులు వెలిసేవి. బెల్లం ఆయన వరస చివరికి జరిగేవాడు. అప్పుడు మూడో కొట్టుకే వెళ్లాలా, ఆయన్ని వెతుక్కోవాలా? నేనైతే బుడగల దగ్గరే ఆగిపోయేవాణ్ని. సిరిమాను ఊగుతూ వస్తుంటే జనం అరటిపళ్లు విసిరేవారు. ఇంక బెల్లం ఎవడికి గుర్తుంటుంది!

కీబోర్డులో ఒక్కో మీటా ఒక్కో కొట్టు, అక్షరం అందులో కూర్చునే మనిషి. కీబోర్డుకి అక్షరాలు తెలియవు. ఫలానా కొట్టు తలుపు తట్టారని మాత్రమే చెబుతుంది. అందులో ఇవాళ ఎవరున్నారో చెప్పేది కంప్యూటర్లోని లేఅవుట్, అంటే ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే పట్టిక. జర్మనీ కీబోర్డులో వై, జెడ్ కొట్లు మార్చుకున్నాయి. అక్కడ అన్‌డూ, అంటే చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్-జెడ్, కావాలంటే జెడ్ ఎక్కడికి జరిగితే అక్కడికే వెళ్లాలి, బెల్లం ఆయన కోసం వెళ్లినట్టు.

ఆటల్లో అలా కుదరదు. బొమ్మని నడిపించే డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటల్ని ఎంచుకున్నది వేళ్లకి వీలుగా ఉండే చోటు చూసి. ఫ్రాన్సు కీబోర్డులో ఆ చోట్లలో జెడ్, క్యూ, ఎస్, డి ఉంటాయి. అక్కడ అక్షరాలు పట్టుకుంటే వేళ్లు మెలికపడతాయి. కొట్టు నంబరే చూసుకోవాలి.

ఇక నీ మ సంగతి. తెలుగు పెట్టాక సి అసలు బజార్లోనే లేడు. తెలివైన ప్రోగ్రామైతే "ఇంగ్లీషు ఉన్నప్పుడు ఈ కొట్టు ఎవరిది?" అని చూసి కాపీ చేస్తుంది. అలా చూడని ప్రోగ్రాములో ఎంత నొక్కినా కాపీ అవదు. రాసినవాడు తన బల్ల మీది కీబోర్డే లోకమనుకున్నాడన్నమాట. మీరలా చెయ్యకండి.

మాక్ కంప్యూటర్లో ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్ని వేరే వరసలో పేర్చిన డ్వోరాక్ లేఅవుట్‌లో ఒక రకం పెట్టుకుంటే, అక్కడ కంట్రోల్ బదులు వాడే కమాండ్ మీట నొక్కి ఉంచినంతసేపూ అక్షరాలన్నీ మామూలు ఇంగ్లీషు కీబోర్డు (క్వెర్టీ) చోట్లకి వచ్చేస్తాయి, వదలగానే వెళ్లిపోతాయి. బజారు బజారంతా రెప్పపాటులో అటూ ఇటూ! దీనికి నా బెల్లం కొట్టు చాలదు.

ఇన్‌స్క్రిప్ట్ పెట్టి, ఒక మాట ఎంచుకుని, కంట్రోల్‌తో సున్న, మ, న మీటలు (ఇంగ్లీషులో ఎక్స్, సి, వి) ఒక్కొక్కటీ నొక్కి చూడండి. కట్, కాపీ, పేస్ట్ పక్కపక్కనే ఉంటాయి. ఏ ప్రోగ్రాములో పనిచేసిందో, ఏది మొరాయించిందో రాసిపెట్టండి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తాను.

మీ తాత