వాన లెక్కలో ఆ రెండు రోజులు

చిరంజీవి అమ్మలుకు, తాతయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' నవలలో మకొండో అనే ఊరిమీద వాన 4 ఏళ్ల 11 నెలల 2 రోజులు కురిసిందని చదివి, "ఐదేళ్లు అనేస్తే సరిపోయేది కదా తాతయ్యా, ఆ రెండు రోజులు ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగావు. 1967లో వచ్చిన ఆ పుస్తకాన్ని లోకమంతా చదివింది. ఆ రెండు రోజుల దగ్గర ఆగి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నువ్వు అడిగావు, సంతోషం.

లెక్కపెట్టింది విలేకరి. నవలాకారుడి లోపల కూర్చున్న విలేకరి.

అదెలాగో తెలియాలంటే నువ్వు మా ఊరి కళ్లంలోకి రావాలి. నూర్పిడి అయ్యాక ధాన్యం రాశి పోసేవారు. చూడవచ్చినవాళ్లు "అబ్బో, బంగారం పండింది" అనేవారు. ఆ మాటతో ఎవరి వాటా తేలుతుంది? కౌలుకు చేసినవాడికెంత, పొలం ఇచ్చినవాడికెంత, కోతకు వచ్చినవాళ్లకెంత అని తేలాలంటే కుంచం రావలసిందే. కొలిచే పెద్దాయన రాశి ముందు గొంతుక్కూర్చుని కుంచం నిండా ముంచి, పైన నిలిచిన గింజల్ని అరచేత్తో దువ్వేసి, గోనెలో పోసేవాడు. పోస్తూ పైకి లెక్క చెప్పేవాడు. మొదటిదాన్ని ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఆ తరవాత రెండు, మూడు. కుంచానికొక చింతగింజ పక్కన పెట్టడం నా పని. నూగు పడి మెడంతా దురద పెడుతున్నా గోక్కోవడానికి భయం, గింజ తప్పిపోతుందేమోనని. లెక్క సాగుతున్నంతసేపు కళ్లంలో ఎవరూ నోరు మెదిపేవారు కాదు. రెండు పక్షాలకూ మాటలు లేని ఏడు కూడా ఆ లెక్కను ఇద్దరూ ఒప్పుకునేవారు.

పత్రికలో పని నేర్చుకోవడమంటే కుంచం పట్టడం నేర్చుకోవడమే. మార్కెజ్ 1948లో, 21 ఏళ్ల వయసులో, కొలంబియాలోని కార్తహేనాలో 'ఎల్ యునివర్సల్' పత్రికలో చేరాడు. అప్పటికే కథలు అచ్చయిన కుర్రవాడు, మాటలు రాశిగా పోసేవాడు. సంపాదకుడు సబాలా ఎర్ర పెన్సిలు తీసుకుని, అతను రాసుకొచ్చినదాన్ని కొట్టేసి, వరుసల మధ్య మళ్లీ రాసి చూపించాడు. కుంచం పైన నిలిచిన గింజల్ని దువ్వేసే అరచెయ్యి అదే!

ఇక 1955 సంగతి విను. అప్పటికతను కొలంబియా రాజధాని బొగొటాలో 'ఎల్ ఎస్పెక్తదోర్' పత్రిక విలేకరి. ఆ ఏడు ఫిబ్రవరి 28న 'కాల్దాస్' అనే యుద్ధనౌక మీదినుంచి 8 మంది సముద్రంలో పడిపోయారు. తిండీ తాగునీరూ లేని తెప్పమీద పది రోజులు కొట్టుకుపోయి, వెలాస్కో అనే నావికుడొక్కడే ఒడ్డున పడ్డాడు. తుఫాను వల్ల జరిగిందని ప్రభుత్వం చెప్పింది. మార్కెజ్ ఆ నావికుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, రోజుకు ఆరు గంటల చొప్పున 20 రోజులు అడిగాడు. మాటలో తేడా వస్తుందేమోనని మధ్యమధ్య చిక్కు ప్రశ్నలు వేశాడు. చివరికి తుఫాను ఎలా ఉందో చెప్పమంటే, అసలు తుఫానే లేదన్నాడు నావికుడు. గాలికి ఓడ ఒరిగింది. డెక్కు మీద సరిగా కట్టని ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు జారి మనుషుల్ని నీళ్లలోకి నెట్టాయి. అదంతా దొంగసరుకు. ఆ కథ 14 భాగాలుగా పత్రికలో వచ్చింది, సైనిక పాలకులకు కంటగింపైంది. అమ్మలూ, గొంతు చించుకునేవాడి మాటకన్నా ఓపికగా కొలిచి చెప్పేవాడి మాటకు ఎక్కువ విలువ ఇవ్వు. ఈ రోజుల్లో అది మరీ అవసరం.

ఆ చెయ్యే నవల రాసింది. ఏనుగులు ఆకాశంలో ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరని, 425 ఏనుగులు ఎగురుతున్నాయంటే నమ్ముతారని, ఇది పత్రికలవాళ్ల కిటుకని అతనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. కప్పు చాక్లెట్ తాగి నేలమీదినుంచి పైకి లేచే ఫాదరీ ఆ నవలలోనే ఉన్నాడు. ఎంత ఎత్తు లేచాడు? 12 సెంటీమీటర్లు! కుంచం పాతదే, గింజలు మాత్రం ఊహలో పండినవి. వానకు ఆ రెండు రోజులు చింతగింజల్లా పక్కన పడగానే, దగ్గరుండి ఎవరో కొలిచారు కాబోలనుకుని మనం నోరు మూసుకుని వింటాం.

ఎంత వింత సంగతైనా మొహం మారకుండా చెప్పడం మాత్రం వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆ అమ్మమ్మ గొంతూ, పత్రికాఫీసు కొలతా ఒకే వాక్యంలో ఎలా ఇమిడాయో నేను విడమరచి చెప్పలేను. నావికుణ్ణి అన్ని ప్రశ్నలతో విసిగించిన మనిషే పన్నెండేళ్లకు ఫాదరీని గాలిలోకి లేపాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఆదివారం ఓ నోటు పుస్తకం తీసుకుని మీ వీధి చివర కూరగాయల బండి దగ్గరికి వెళ్లు. ఆవిడ ఇంటినుంచి ఎన్నింటికి బయల్దేరిందో, టమాటాలు ఎన్ని కిలోలు తెచ్చిందో, పొద్దెక్కేసరికి ఎన్ని మిగిలాయో అడుగు. తక్కెట్లో రాయి పెట్టే చెయ్యిని చూడు. పది వాక్యాలు రాయి. చాలా, బోలెడు, పాపం అనే మాటలు వాడకు. పదకొండో వాక్యంలో ఎన్నడూ జరగని వింత ఒకటి, అదే గొంతుతో, అంకె వేసి రాయి. రాసింది దిద్దకుండా నాకు పంపు.

మీ తాతయ్య