29,000 పౌండ్ల గడప: బ్రిటన్ స్పౌజ్ వీసా వివాదం ఇక్కడికెలా వచ్చింది

బ్రిటన్ పౌరులు గానీ, అక్కడ స్థిరపడినవారు గానీ విదేశంలో ఉన్న భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏటా 29,000 పౌండ్ల సంపాదన చూపాలన్న నిబంధనపై వాదన మళ్లీ రాజుకుంది. ఆదాయ పరిమితి 2012 జులైలో 18,600 పౌండ్లతో మొదలైందన్నది తెలిసిన సంగతే. ఆ అంకె ఎంత పెరిగిందన్న దానికంటే, దాని ఆధారం ఎప్పుడు మారిందన్నదే ముఖ్యం. అది మారింది 2023 డిసెంబరు 4న.

అంతవరకు ప్రభుత్వం ప్రధానంగా చెప్పిన కారణం, వచ్చినవారు ప్రజాధనంపై ఆధారపడకూడదన్నదే. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పరిమితిని సూత్రప్రాయంగా సమర్థించింది. అయితే పిల్లల క్షేమాన్ని నిబంధనలు సరిగా పట్టించుకోలేదని తప్పుపట్టింది. 2023 డిసెంబరులో మాత్రం అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ పరిమితిని 38,700 పౌండ్లకు పెంచుతామన్నారు. నైపుణ్య ఉద్యోగుల వీసాకు అదే రోజు ప్రకటించిన కనీస జీతం అది. కాపురానికి ఎంత కావాలన్న ప్రశ్న పక్కకు పోయి, వలసలను ఎంత తగ్గించాలన్న ప్రశ్న దాని స్థానంలోకి వచ్చింది. నిరసనలు రావడంతో మూడు వారాలు తిరగకుండానే దశలవారీ పెంపు అన్నారు. 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 అమలైంది. ఆ తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం తదుపరి పెంపును నిలిపివేసి, సమీక్షకు ఆదేశించింది.

ఈ బరువు మొదట పడేది ఇప్పుడిప్పుడే పనిలో చేరిన యువత మీద. నిజానికి వారికి అడ్డుపడటం ఇది మొదటిసారి కాదు. బలవంతపు పెళ్లిళ్లను ఆపడానికంటూ 2008లో ఈ వీసాకు కనీస వయసును 18 నుంచి 21కి పెంచారు. ఇష్టపడి పెళ్లాడిన జంటలనూ అది విడదీస్తోందని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చిన తొమ్మిది నెలలకే ఆదాయం అడ్డొచ్చింది. 2025-26లో 18-20 ఏళ్లవారికి కనీస వేతనం గంటకు 10 పౌండ్లు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేసినా వచ్చేది 20,800. 21 నిండినవారికి గంటకు 12.21 పౌండ్ల లెక్కన కూడా 25,400 దాటదు.

బ్రిటన్ పౌరురాలైన తెలుగమ్మాయి హైదరాబాదు ఇంజినీరును చేసుకుంటే, ఇక్కడ అతని జీతం ఎంతైనా మొదటి దరఖాస్తులో లెక్కకు రాదు. ఆమె పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లే చూస్తారు. సంపాదన లేకపోతే 88,500 పౌండ్ల పొదుపు ఆరు నెలలుగా చేతిలో ఉండాలి. అంత సొమ్ము ఏ పాతికేళ్లవారి దగ్గర ఉంటుంది? చలికాలంలో ఆమె సాయంత్రం ఆరింటికి షిఫ్టు ముగించేసరికి అతనికి రాత్రి పదకొండున్నర. ఆ వేళ మాట్లాడుకున్న కాల్స్ జాబితాలే, బంధం నిజమైనదని చూపడానికి దరఖాస్తుకు జతచేసే కాగితాలవుతాయి.

2025 జూన్‌లో, వలసలపై ప్రభుత్వానికి సలహాలిచ్చే మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీ తన సమీక్షలో 38,700 వద్దని, అది మానవ హక్కుల బాధ్యతలకు విరుద్ధం కావచ్చని చెప్పింది. పరిమితి 23,000-25,000 మధ్య ఉంటే కుటుంబాలు తమను తాము పోషించుకోగలవని పేర్కొంది. తగ్గిస్తే వలసలు పెరుగుతాయన్నది కఠిన నియంత్రణ కోరేవారి అభ్యంతరం; పెరుగుదల స్వల్పమేనని కమిటీ అంచనా. కమిటీ చెప్పిన అట్టడుగు అంకె 23,000కే ప్రభుత్వం దిగివచ్చినా, కనీస వేతనంపై బతికే ఇరవై ఏళ్ల సేల్స్ అమ్మాయికి 2025-26 వేతనం లెక్కన ఇంకా 2,200 పౌండ్లు తక్కువే.